గవర్నమెంటేనా?

పెళ్ళి సంబంధం మాట్లాడుకునేటప్పుడు మన ఇళ్ళలో అడిగే ప్రశ్నలకు ఒక వరుస ఉంది. అబ్బాయి ఎవరి కుమారుడు, ఏ ఊరివాడు, ఎంతవరకు చదివాడు అన్న విచారణ పూర్తయ్యాక కాసేపు నిశ్శబ్దం ఆవరిస్తుంది. ఖాళీ టీ కప్పులు ట్రేలోకి చేరతాయి. అప్పుడు అమ్మాయి తరఫు పెద్దావిడ ఎవరో, ఇంతసేపూ అడగాలనుకున్నది ఇదేనన్నట్లు, “గవర్నమెంటేనా?” అంటుంది. అవునన్న జవాబు వస్తే ఏ శాఖ, ఏ హోదా, జీతమెంత అన్న సంగతులు వెనక్కి జరిగిపోతాయి. కాదన్న జవాబు వస్తే మాత్రం కంపెనీ పేరు మొదలుకొని అద్దె ఇంటి వివరాల వరకు అన్నీ ముందుకు వస్తాయి. మార్కెట్ యార్డులో సొంత దుకాణం నడుపుతూ నలుగురికి పని కల్పిస్తున్న యువకుని గురించి “వ్యాపారంలే” అంటారు. ఆ మాట చివరనున్న ‘లే’ను నేను ఎన్నో సంబంధాల చర్చల్లో విన్నాను. అందులో తిరస్కారం ఉండదు. తక్కువదానితో సరిపెట్టుకుంటున్న ధ్వని ఉంటుంది.

మదరసా ఉపాధ్యాయుణ్ణి ఎవరూ ఈ ప్రశ్న అడగరు. జవాబు అతని చేతిసంచిలోనే కనబడుతుంది గనుక అడగవలసిన అవసరం రాదు. అందువల్ల ఈ విషయాన్ని కాస్త ఎడంగా నిలబడి చూసే వెసులుబాటు మాబోటివారికి లభించింది.

నేను ఇక్కడ ప్రస్తావిస్తున్నది కలెక్టరు, డీఎస్పీ వంటి పదవులను కాదు. డిగ్రీ పట్టా చేతికి వచ్చిన పిల్లవాడు మొదట కాలు మోపే చిన్న మెట్టు గురించి: జూనియర్ అసిస్టెంటు, పంచాయతీ కార్యదర్శి, కానిస్టేబులు, సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు, తపాలా శాఖలో డాక్ సేవక్. ఆ మెట్టుకు సమాజం ఇస్తున్న గౌరవం ఎంత, దాని కోసం ఇళ్ళు చెల్లిస్తున్న మూల్యం ఎంత అన్నదే నా విచారం.

ఒకే మాట, అనేక కొలువులు

ఆంధ్రప్రదేశ్‌లో 2019వ సంవత్సరం వేసవి తరువాత ఏం జరిగిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గ్రామ, వార్డు సచివాలయాల పేరిట సుమారు 1 లక్షా 26 వేల ఉద్యోగాలకు ఒకేసారి ప్రకటన వెలువడింది. 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. సెప్టెంబరు తొలి వారంలో పరీక్షలు జరిగాయి, అక్టోబరు 2న సచివాలయాల ప్రారంభోత్సవం జరిగింది. ఇంత పెద్ద నియామకం ఇంత తక్కువ వ్యవధిలో ముగియడం మన తరం చూసి ఎరుగదు. మెడలో గుర్తింపు కార్డు వేలాడదీసుకొని ఊరి మధ్యలోని సచివాలయానికి నడిచివెళ్తున్న పిల్లలను చూసి తల్లిదండ్రులు ఆనందబాష్పాలు రాల్చారు. ఆ ఆనందం నిజమైనదే.

అయితే ఆ పిల్లల చేతికి అందింది నెలకు 15 వేల రూపాయలు. రెండేళ్ళ ప్రొబేషన్ అన్నారు. 2021 అక్టోబరుతో ఆ గడువు తీరిపోయినా స్కేలు అమలులోకి రాలేదు. 2022 జనవరిలో ఉద్యోగులు రోడ్డెక్కి నిరసన తెలిపారు. చివరకు ఆ ఏడాది జూలై నుండి పూర్తి వేతనం మొదలయింది. ఈ మధ్యకాలంలో ఇంజినీరింగు చదివిన పిల్లవాడు, తన వీధిలోని ఏసీ మెకానిక్ ఎండాకాలంలో సంపాదించే దానిలో సగం కూడా ఇంటికి తీసుకురాలేకపోయాడు. కానీ సంబంధాలు వెతుక్కుంటూ వచ్చింది ఇతని ఇంటికే.

తెలంగాణలో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల కథ ఇంకా కఠినమైనది. 2018లో పరీక్ష రాసి 2019లో చేరినవారికీ అదే 15 వేలు. ప్రొబేషన్ మూడేళ్ళన్నారు, దానిని నాలుగేళ్ళకు పొడిగించారు. నాలుగేళ్ళూ నిండిన తరువాత, 2023 ఏప్రిల్ నెలాఖరులో వారు సమ్మెకు దిగవలసి వచ్చింది. ఊళ్ళో చెత్త సేకరణ మొదలు నర్సరీలోని మొక్కల లెక్క వరకు ప్రతి పనికీ జవాబుదారీగా నిలబెట్టిన మనిషికి, తన ఉద్యోగం పర్మనెంటా కాదా అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. క్రమబద్ధీకరణ ఆ తరువాతే జరిగింది.

ఇక తపాలా శాఖ గ్రామీణ డాక్ సేవక్‌ల సంగతి. పదో తరగతి మార్కుల ఆధారంగా ఎంపిక చేస్తారు. నెలకు 10 వేలో 12 వేలో మూల భత్యంతో మొదలవుతుంది, దానిపై కరువు భత్యం కలుస్తుంది. రోజుకు నాలుగైదు గంటల పని. శాఖలోని రెగ్యులర్ ఉద్యోగులతో వీరిని సమానంగా పరిగణించరు. ఈ కొలువులో మన డిగ్రీ పిల్లలు, పీజీ పిల్లలు కూడా ఉన్నారు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులది మరొక తరగతి. వారి కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా ఒక కార్పొరేషన్‌నే ఏర్పాటు చేసింది. దాని ద్వారా జీతం వచ్చినంత మాత్రాన వారు ప్రభుత్వోద్యోగులు కారు. నెలకు 5 వేల గౌరవ వేతనంతో యాభై ఇళ్ళ బాధ్యత మోసిన వాలంటీర్లను కూడా కొన్ని ఇళ్ళలో “మా వాడిది గవర్నమెంటే” అని చెప్పుకున్నారు. ఆ వ్యవస్థ ఇప్పుడు లేదు.

ఉద్యోగాలు ఇన్ని రకాలుగా చీలిపోయినా మన నోట మాట మాత్రం ఒక్కటే మిగిలింది. దళారులు బతుకుతున్నది ఈ ఒక్క మాట మీదనే. “ఔట్‌సోర్సింగే, కానీ రెండేళ్ళలో పర్మనెంటు చేస్తారు” అని చెప్పి లక్షలు వసూలు చేసేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఆ లక్షల్లో అమ్మాయి పెళ్ళికని దాచిన బంగారం ఉంటుంది, గల్ఫ్‌లో ఎండలో కష్టపడి తండ్రి పంపిన దిర్హములు ఉంటాయి.

ఈ గౌరవానికి వేళ్ళున్నాయి

ఇదంతా ప్రజల అమాయకత్వమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. ఈ గౌరవానికి బలమైన కారణాలున్నాయి, అందులో మన సమాజానికి ప్రత్యేకమైనవి కూడా ఉన్నాయి.

హైదరాబాదు రాజ్యంలో దఫ్తరు భాష ఉర్దూ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే ఉన్నత విద్యను బోధించింది. చదువుకున్న ముస్లిం కుటుంబానికి సర్కారీ నౌకరీ అంటే జీవనోపాధి మాత్రమే కాదు, గౌరవప్రదమైన జీవితానికి అదే మరో పేరు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత సైన్యంలో, దఫ్తరుల్లో ఉన్న వేలాదిమంది కొలువులు కోల్పోయారు. భూమి లేదు, వ్యాపారపు అలవాటు లేదు, పాలనాభాష మారిపోయింది. షేర్వానీలు అమ్ముకొని రిక్షా తొక్కినవారి గురించి పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఒకప్పుడు ఉండి పోయినదానిపై మమకారం తరాలు మారినా చావదు. కోస్తా, రాయలసీమ జిల్లాల ముస్లిముల చరిత్ర వేరు. అక్కడ మనవారిలో అధికులు చేతివృత్తులవారు, చిన్న వ్యాపారులు, దూదేకులవారు, కూలీలు. వారిలో ఒకరు గుంతకల్లులోనో కాజీపేటలోనో రైల్వేలో ఖలాసీగా చేరితే, ఆ ఇంటి మూడు తరాల తలరాత మారిన ఉదాహరణలు ప్రతి మొహల్లాలోనూ కనిపిస్తాయి.

సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం దేశ జనాభాలో ముస్లిములు 13.4 శాతం కాగా, ప్రభుత్వోద్యోగాల్లో వారి వాటా 4.9 శాతం. దఫ్తరులో మనవాడు ఒక్కడు కూర్చుంటే రేషన్ కార్డులో పేరు తప్పు పడిన ముసలమ్మకు ఏ కాగితం, ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో తన భాషలో చెప్పే మనిషి దొరుకుతాడు. ఆ ముసలమ్మకు అది చిన్న సంగతి కాదు. 2007 నుండి బీసీ-ఇ కింద అమలవుతున్న 4 శాతం రిజర్వేషన్ వల్ల రెండు రాష్ట్రాల్లోనూ ఎందరో పిల్లలకు చదువులూ కొలువులూ దక్కాయి. కాబట్టి “ప్రభుత్వోద్యోగం ఎందుకు, వ్యాపారం చేసుకోండి” అని ఉపన్యసించే పెద్దమనుషుల మాట నాకు రుచించదు. ఆ మాట అనేవారి పిల్లలు సాధారణంగా విదేశాల్లో ఉంటారు.

అయితే ఈ గౌరవానికి పునాది అయిన కొన్ని రాళ్ళు కదిలిపోయిన విషయం చాలా కుటుంబాలకు తెలియదు. ముసలితనంలో పెన్షన్ వస్తుందని కొడుకు ఉద్యోగం గురించి గర్వపడే తండ్రులు, 2004 సెప్టెంబరు 1 తరువాత రాష్ట్ర సర్వీసులో చేరినవారికి పాత పెన్షన్ లేదన్న సంగతి విని ఆశ్చర్యపోతారు. ఉద్యోగి జీతంలో 10 శాతం కోత పెట్టి, ప్రభుత్వ వాటాను జతచేసి, మార్కెట్‌లో పెట్టుబడిగా పెట్టే పద్ధతి అది. తాత అనుభవించిన నౌకరీ, మనవడు చేరుతున్న నౌకరీ పేరులోనే ఒకటి.

గదుల్లో గడిచిపోతున్న యౌవనం

హైదరాబాదు అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధుల్లో ఫజ్ర్ నమాజు వేళకే గ్రంథాలయం ముందు సంచులు వరుసలో పెట్టి చోటు ఆపుకునే యువకులు కనిపిస్తారు. నంద్యాల వెళ్తే బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం ఎక్కడెక్కడి జిల్లాలనుండో వచ్చిన పిల్లలు. ఒక్కొక్క గదిలో నలుగురు, ఐదుగురు. గోడ నిండా మ్యాపులు, కరెంట్ అఫైర్స్ కాగితాలు. శ్రమించే విషయంలో ఈ పిల్లలను తప్పుపట్టలేము. మా హిఫ్జ్ విద్యార్థులు వీరిని చూసి నేర్చుకోవలసినది కొంత ఉందని కూడా నేను అంటుంటాను.

కానీ లెక్క చూడండి. తెలంగాణ గ్రూప్-4లో 8 వేల పైచిలుకు పోస్టులకు 9 లక్షల 50 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే వందకు పైగా రాస్తే ఒక్కరికి. మిగిలిన వారంతా తెలివితక్కువవారు కారు, కుర్చీలే లేవు. ఇక కాలం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. తుది ఫలితాలు వచ్చింది 2025 ఆగస్టులో. పరుగు పందెం కోసం ఇరవై మూడేళ్ళ వయసులో శరీరాన్ని సిద్ధం చేసుకున్న పిల్లవాడు ఇరవై ఆరో ఏట దాకా దానిని అలాగే కాపాడుకోవలసి వచ్చింది. ఉపాధ్యాయ నియామకాలైతే 2018 డీఎస్సీ తరువాత మళ్ళీ 2025లోనే. ఏడేళ్ళు! బీఎడ్ పూర్తి చేసిన అమ్మాయి ఈలోగా పెళ్ళి చేసుకొని, ఇద్దరు పిల్లల తల్లియై, మళ్ళీ పుస్తకం పట్టింది.

దీనికి తోడు గరిష్ఠ వయోపరిమితి. ఆంధ్రప్రదేశ్ సచివాలయాల నియామకంలో అది 42 ఏళ్ళు, బీసీలకు ఐదేళ్ళ సడలింపు. తెలంగాణ గ్రూప్-4లో 44, సడలింపుతో 49. నోటిఫికేషన్లు రాని సంవత్సరాలకు పరిహారంగా ప్రభుత్వాలు ఇచ్చిన వెసులుబాటు ఇది. ఆలస్యంగా ప్రయత్నించేవారికి మేలు చేసిందనడంలో సందేహం లేదు. కానీ పూర్వం ఇరవై ఎనిమిదేళ్ళకో ముప్పైకో తలుపు మూసుకుపోయేది. పిల్లవాడు రెండు రోజులు ఏడ్చి మూడో రోజు మరొక పని వెతుక్కునేవాడు. ఇప్పుడు తలుపు మూసుకోదు. “ఇంకా వయసుంది కదా” అన్న మాట అతణ్ణి ఆ గదిలోనే కూర్చోబెడుతుంది. ముప్పై నాలుగేళ్ళు వచ్చినా అతని బయోడేటాలో వృత్తి అన్నచోట ‘ప్రిపేర్ అవుతున్నాడు’ అని ఉంటుంది.

ఆ గది అద్దె ఎవరు కడుతున్నారన్నది అడగవలసిన మరో ప్రశ్న. చాలా ఇళ్ళలో తండ్రి టైలరింగ్ మిషను, పంక్చరు షాపు, పండ్ల బండి కడుతున్నాయి. కొన్ని ఇళ్ళలో చెల్లెలు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి తెచ్చే ఏడెనిమిది వేలు కడుతున్నాయి. మా పాత విద్యార్థి ఒకడు, సాంప్రదాయిక చదువుతో పాటు డిగ్రీ కూడా పూర్తి చేసినవాడు, ఆరేళ్ళుగా పోటీ పరీక్షలు రాస్తున్నాడు. తండ్రిది వెల్డింగు షాపు. నడుము నొప్పితో తండ్రి మంచం పట్టిన నెలరోజులూ షాపు మూతబడింది. కొడుకుకు ఆ పని రాదని కాదు. చిన్నప్పుడు సెలవుల్లో గేట్లు చేసినవాడే. “పగటిపూట షాపులో కూర్చుంటే నోటిఫికేషన్ వదిలేశానని అనుకుంటారు హజ్రత్” అన్నాడు నాతో. ఎవరు అనుకుంటారని అడిగాను. జవాబు చెప్పలేదు.

ఆ కుర్రవాడు సోమరి కాడు. వెల్డింగు షాపులో కనిపించడం ఓటమి అని అతనికి నేర్పినది మనమే. సంబంధాలు మాట్లాడేవారు నేర్పారు, వలీమా విందుల్లో ఏ బల్ల దగ్గర ఎవరిని కూర్చోబెడతామన్నది నేర్పింది. చేతిపనిని చిన్నచూపు చూడడం మన ధర్మం నేర్పినది కాదని ప్రత్యేకంగా చెప్పాలా? దావూద్ ప్రవక్త (అలై) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతో జీవించారు. జకరియ్యా ప్రవక్త (అలై) వడ్రంగి. ఈ సంగతులు మన ఖుత్బాల్లో ఏటా వినబడతాయి. ఖుత్బా విని ఇంటికి వెళ్ళి వడ్రంగి సంబంధాన్ని తిప్పి పంపుతాము.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) జీవితం ఈ సందర్భంలో నాకు తరచుగా గుర్తుకు వస్తుంది. ఆయన కూఫా నగరంలో పట్టుబట్టల వర్తకులు. ఖలీఫా మన్సూర్ న్యాయాధీశ పదవి ఇవ్వజూపితే నిరాకరించారు, అందుకు శిక్షను కూడా అనుభవించారు. అదే ఇమామ్ గారి శిష్యులు అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహి) ఆ తరువాత ప్రధాన న్యాయాధీశ పదవిని స్వీకరించి గొప్పగా నిర్వహించారు. గురువు కాదన్నదానిని శిష్యుడు చేపట్టాడు, ఉమ్మత్ ఇద్దరినీ గౌరవించింది. వారిద్దరికీ ఆ గౌరవం కుర్చీ వల్ల రాలేదన్నది మాత్రం స్పష్టం.

జోడా రొక్కం, పై సంపాదన

ఉద్యోగం వచ్చిన మరుసటి నెలలోనే ఇంటిలో లెక్క మారుతుంది. 15 వేల జీతగాడికి, ఆ జీతంతో పొంతన లేని రొక్కం, బండి, ఫర్నిచరు. దీనిని కట్నం అనరు. తెలంగాణలో జోడే కీ రఖమ్ అంటారు, మా వైపు ‘వాళ్ళమ్మాయికి వాళ్ళు ఇచ్చుకునేది’ అంటారు. 1961 నుండి ఈ దేశ చట్టం దీనిని నిషేధించింది. అంతకు చాలా శతాబ్దాల ముందే షరీఅత్ పెళ్ళికొడుకును ఇచ్చేవాడిగా నిలబెట్టింది, పుచ్చుకునేవాడిగా కాదు. నేను నికాహ్ చదివించే సమయంలో మెహర్ సంఖ్యను గట్టిగా చదవమని కోరతారు. రొక్కం సంఖ్య నాకు వినబడని చోట మాట్లాడుకుంటారు. తమ్ముడికి గవర్నమెంటు వచ్చిందని, నిశ్చయమైన సంబంధాన్ని వదులుకొని పెద్ద సంబంధం చూసుకున్న ఇళ్ళను నేనెరుగుదును. ఆ వదిలేయబడిన అమ్మాయి ఇంటికి ఆ తరువాత ఎవరు వెళ్ళారు?

కొందరు పెద్దలు మరో అడుగు ముందుకు వేసి, “జీతం సరే, పైన ఎంత వస్తుంది?” అని కూడా అడుగుతారు. నమాజు వరుసలో నా పక్కన నిలబడేవారి నోట కూడా ఈ మాట విన్నాను. దైవప్రవక్త (స) కాలంలో జకాత్ వసూలుకు పంపబడిన ఒక ఉద్యోగి తిరిగి వచ్చి, తెచ్చినదానిని రెండు భాగాలు చేశాడు. ఇది ప్రజాధనం, ఇది నాకు కానుకగా ఇచ్చారు అన్నాడు. ప్రవక్త (స) మింబర్ ఎక్కి ఈ సంగతిని ప్రజలందరి ముందూ ఎత్తి, అతను తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఈ కానుకలు అతనికి చేరేవా అని నిలదీశారు. బుఖారీలోని ప్రసిద్ధ సంఘటన ఇది. సర్వే చేయడానికి వచ్చిన వాడి జేబులో, సర్టిఫికెట్టు ఇచ్చే వాడి డ్రాయరులో పడే నోటును కొలవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. తొలి ఉద్యోగంలో చేరే పిల్లవాడికి ఇంటివారు కొత్త షర్టు కొనిపెడతారు. ఈ సంఘటన కూడా చెప్పి పంపితే బాగుంటుంది.

ఆడపిల్లల సంగతి వేరు

ఇంతవరకు ఫిర్యాదులే రాశాను. ఇదే గౌరవం ఒక మంచి పని కూడా చేసింది, దానిని దాచడం అన్యాయమవుతుంది. ఆడపిల్లను పొరుగూరి ప్రైవేటు కార్యాలయానికి పంపడానికి ససేమిరా అన్న తండ్రులు, సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుగానో, డిజిటల్ అసిస్టెంటుగానో, ఏఎన్ఎంగానో ఉద్యోగం వచ్చిందనగానే స్వయంగా బండి మీద దింపి వచ్చారు. ‘గవర్నమెంటు’ అన్న మాట ఆ తండ్రికి బంధువుల నోళ్ళు మూయించే ధైర్యం ఇచ్చింది. హిజాబు ధరించి ఊరి ప్రజల దరఖాస్తులు కంప్యూటరులో ఎక్కిస్తున్న ఆ అమ్మాయిని చూసి, ఇంటర్‌తో చదువు ఆపించబోయిన మరికొందరు తండ్రులు మనసు మార్చుకున్నారు. మా మదరసా సమీపంలోనే అలాంటి మూడు ఇళ్ళున్నాయి. నెల మొదటి తారీఖున పెన్షన్ డబ్బు ఇవ్వడానికి తలుపు తట్టే సచివాలయ ఉద్యోగినికి అవ్వలు దీవెనలు ఇచ్చి పంపుతారు.

తరువాత ఆమె పెళ్ళి సంగతి వస్తుంది. గవర్నమెంటు కోడలు కావాలని వచ్చే సంబంధాలు పెరిగాయి. అందులో సంతోషించవలసింది కొంతే. ఎందుకంటే కొన్ని ఇళ్ళలో ఆమె ఏటీఎం కార్డు నికాహ్ అయిన వారంలోనే అత్తగారి బీరువాలోకి చేరుతుంది. భార్య సంపాదన భార్యదేనని, ఇంటి పోషణ భారం భర్తపైనే ఉంటుందని, ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే అది ఆమె ఔదార్యమని ఫిఖ్‌హ్ గ్రంథాలన్నీ స్పష్టం చేస్తున్నాయి. ఈ మసలా తెలియదని ఎవరైనా నాతో అంటే నేను నమ్మను. అన్నదమ్ముల ఆస్తి తగవుల్లో ఫత్వా కోసం నా దగ్గరికి పరుగెత్తుకు వచ్చే ఇళ్ళే ఇవి.

ఇంట్లో మాట్లాడుకోవలసినవి

పిల్లలను పోటీ పరీక్షల నుండి వెనక్కి లాగమని నేను చెప్పను. రెండు నోటిఫికేషన్లు, మహా అయితే మూడు, నిండు మనసుతో రాయనివ్వండి. అల్పసంఖ్యాక వర్గాల స్టడీ సర్కిళ్ళలో ఉచిత శిక్షణ ఉంది, దానిని వదులుకోవద్దు. కానీ గడువు ఏమిటన్నది ముందే తండ్రీకొడుకులు కూర్చుని నిర్ణయించుకోవాలి, చదువుతున్న కాలంలోనే సగం పూటైనా ఏదో ఒక పని చేతిలో ఉండాలి. పని చేస్తే చదువు పాడవుతుందని అంటారు. రోజుకు పద్నాలుగు గంటలు అదే గదిలో అదే నలుగురి మధ్య కూర్చోవడం వల్ల పాడయ్యేవి నేను చూశాను: ఆరోగ్యం, నిద్ర, ఇంటికి ఫోను చేసే అలవాటు, చివరకు నమాజు.

ఉర్దూ తెలిసినవారికి ఒక మాట. ఉర్దూ మీడియం ఉపాధ్యాయ పోస్టుల్లో కొన్ని, రోస్టరు ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు కేటాయించబడి, ఆ వర్గాల్లో ఉర్దూ చదివిన అభ్యర్థులు లేక నియామకం తరువాత నియామకంలో ఖాళీగా మిగిలిపోతున్నాయి. వాటిని డీరిజర్వు చేయాలన్న విజ్ఞప్తి చాలాకాలంగా ఉంది. మన సంఘాలు వలీమాల్లో శాలువాలు కప్పడానికి వెచ్చించే సమయంలో కొంత ఈ ఒక్క పని మీద పెడితే, కొన్ని వందల తరగతి గదుల్లోకి టీచరు వస్తాడు.

ఇక ఉద్యోగం పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగినా, సంబంధం తెచ్చినా, మూడు విషయాలు కాగితం మీద చూడకుండా తల ఊపవద్దు. నియామకం ఏ ప్రకటన ద్వారా జరిగింది, వేతన స్కేలు ఏమిటి, నియామక పత్రం మీద సంతకం ప్రభుత్వ శాఖదా లేక ఏజెన్సీదా. అసలైన నియామకానికి దళారీకి ఇచ్చే రూపాయి ఉండదు. ఉంటే అది ఉద్యోగం కాదు, లేదా ఉద్యోగమే అయినా లంచంతో కొన్నది. అలా కొన్న కుర్చీలో కూర్చుని జీవితమంతా తినే అన్నం హలాలా అన్న ప్రశ్న అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికి ఉంటుంది?

రంజాను తరువాత ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. పట్టణం చివర రెండు సెంట్ల స్థలం ఉంది, అమ్మితే నాలుగు లక్షలు వస్తాయి. ఒకాయన ఆసుపత్రిలో డేటా ఎంట్రీ ఆపరేటరు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు, గవర్నమెంటేనట, అబ్బాయికి ముప్పై దాటుతోంది, అమ్మమంటారా హజ్రత్ అని అడిగాడు. స్థలం సంగతి తరువాత, ముందు ఆ నోటిఫికేషన్ కాగితం తీసుకురమ్మన్నాను. రేపే తెస్తానన్నాడు. బక్రీదు కూడా వెళ్ళిపోయింది. ఆ కాగితం ఇంకా రాలేదు. స్థలం మాత్రం ఇప్పటికైతే అమ్మలేదని ఆయన పొరుగువాడు చెప్పాడు.